బస్సు దిగని పాఠం

ప్రియమైన పెద్దమ్మాయికి,
ఐదేళ్లుగా ఒక మాట దిగమింగుతున్నాను. ఇక మింగను. అప్పుడు పర్యావరణం పాఠమని యూనివర్సిటీ బస్సు మన అద్దకం షెడ్డు ముందు ఆపించావు. నీ విద్యార్థులు ఒక్కరూ దిగలేదు. కంపు కొడుతోందని కిటికీలు మూసుకున్నారు. కాలువలో ఎర్రనీళ్లు చూపించి నువ్వేదో చెబుతున్నావు. గేటు దగ్గర నేను చెయ్యెత్తాను. తల తిప్పుకున్నావు.
"అయ్యగారూ, ఆ మేడం మన అమ్మాయిగారు కాదూ?" అన్నాడు మేస్త్రి.
"కళ్లజోడు మార్చుకోరా" అన్నాను.
మొన్న మళ్లీ అదే బస్సు వచ్చింది. నువ్వు లేవు. కిటికీలు మూసే ఉన్నాయి.
మీ నాన్న

ప్రియమైన నాన్నకు,
తల తిప్పుకున్నది నిజమే. ఎందుకో కలిసినప్పుడు చెబుతాను. ఆ బస్సు పాఠం తీసేయాలనే ఇప్పుడు కొట్లాడుతున్నాను. పిల్లలు నాలుగు నిర్వచనాలు బట్టీపట్టి, పరీక్ష రాసి మర్చిపోతున్నారు. ఇకమీద ఒక సెమిస్టరంతా కాలువ పక్క షెడ్లలోనే ఉండి, చూసింది రాయాలన్నాను. "మిమ్మల్ని లోపలికి ఎవరు రానిస్తారమ్మా?" అని యూనివర్సిటీ పెద్దలు నవ్వారు. వచ్చే నెల మొదటి శుక్రవారం సమావేశం. ఒక్క షెడ్డయినా ఒప్పుకోకపోతే ఇదంతా చెత్తబుట్టలోకే. నువ్వు రానిస్తావా?
నీ పెద్దమ్మాయి

అమ్మాయికి,
రానిస్తాను. మొదటిరోజు అందరి ముందూ "ఈయన మా నాన్న" అనాలి. అనలేకపోతే నీ పాఠమూ వద్దు, నువ్వూ వద్దు.
షెడ్డు యజమాని

నాన్నా,
ఆ రోజు తల తిప్పింది సిగ్గుపడి కాదు. షెడ్డు యజమాని మేడం వాళ్ల నాన్న అని తెలిస్తే పిల్లలు ఉన్నదున్నట్టు రాయరు. నాకూ నోరు పెగలదు. ఇప్పుడు వాళ్లు కాలువ నీళ్లు పరీక్షిస్తారు. తేలింది అధికారులకూ పంపుతారు. షెడ్డు మూయించినా నేను అడ్డుపడకూడదు. వద్దని రాసెయ్యి నాన్నా. ఇంకో షెడ్డు చూసుకుంటాను.
నీ పెద్దమ్మాయి

ప్రియమైన పెద్దమ్మాయికి,
నన్ను కాపాడటానికి నువ్వెవరే? సిగ్గుపడ్డావనుకున్నప్పుడే నయం, హాయిగా తిట్టుకున్నాను.
వద్దని రాయను. ఇంకొకడి షెడ్డు మీద పడతావా? వాడికి కూతుళ్లు లేరా? నీళ్లు శుభ్రంచేసే తొట్టి కట్టించగలనో, తాళమే వేస్తానో తెలియదు. "పిల్లలొస్తే మా పనేంటి అయ్యగారూ?" అని మేస్త్రి రోజూ నసుగుతున్నాడు.
అయినా రా. నాన్న అని చెప్పు. చెప్పిన నోటితోనే "కాలువలోకి ఏం వదులుతున్నావు?" అని అందరికంటే ముందు నువ్వడుగు. పిల్లలు రాసుకోనీ. సొంత నాన్నను అడగలేనిదానివి వాళ్లకేం నేర్పుతావు?
సమావేశానికి ముందు, బుధవారంలోగా నాకు జవాబు అందాలి. అడుగుతావా, లేదా?
మీ నాన్న