సుధీర్ కుక్కల హాస్టల్

ఏమండీ,

అక్కడ మీ ఆయాసం తగ్గిందా? అత్తమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? మన కుక్క టైగర్ కుంటడం మానిందా? ఇక్కడ నా బీపీ ఎప్పటిలాగే ఉంది. మీరు పోయి రేపటికి ఏడాది.

మన కొడుకు సుధీర్ బ్యాంకు ఉద్యోగం వదిలేసి అల్వాల్‌లో కుక్కల హాస్టల్ పెట్టాడు. ఊళ్లకు పోయేవాళ్లు తమ కుక్కలను వాడికి అప్పగించి పోతారు. చిన్నప్పటి నుంచి మీతో కలిసి కుక్కలను పెంచిన అనుభవమే పెట్టుబడి అంటాడు. మారేడ్‌పల్లి నుంచి కూడా కార్లలో తెస్తున్నారు. బోర్డు మీద మీ ఫొటో ఉంది. సంతోషపడాలి గానీ నాకు నిద్ర పట్టడం లేదు.

సోమవారం ఒక పెద్ద కుక్క వచ్చింది. అన్నం ముట్టదు, మొరగదు. వాడి చేతులనే చూస్తూ ఉంటుంది.

"కొత్త కుక్క వస్తే మీ నాన్న ఏం చేసేటోరు రా? దానికి వీపు తిప్పి, పేపర్ పట్టుకొని, అదే వచ్చి వాసన చూసేదాంక కూసునేటోరు," అన్నాను.

"గట్ల ఒక్కోదాని ముందల పేపర్ సదువుకుంట కూసుంటే దుకాణం నడుస్తదా అమ్మా? నువ్వు ఊకె పరేషాన్ గాకు," అని నవ్వాడు. నవ్వుతూనే చొక్కా చేతిని కిందికి లాక్కున్నాడు. లోపల కట్టు కనిపించింది.

మన కూతురు సునీత బిడ్డకు కుక్కలంటే పిచ్చి. "ఆ పెద్దదాన్ని బయటికి ఇడుస్త, నీతోని ఆడుకుంటది," అని వాడు పాపకు ఫోన్‌లో మాట ఇచ్చేశాడు. నేను వద్దన్నాను. నా మాట ఎవరు వింటారు? ఈ ఆదివారం చర్చిలో ఆరాధన కాగానే తల్లీబిడ్డలు అల్వాల్ వస్తున్నారు.