గీత పెట్టని సీసా

బావా,

కుట్టు షెడ్డులో పని మిగిలిపోయిందట, ఇప్పుడే రమ్మన్నారు. వచ్చేసరికి రాత్రి ఎనిమిదవుతుంది. వండి మూత పెట్టాను, వేడి చేసుకుని తిను.

ఆరు కొట్టేసరికి నీకు ప్రాణం లాగేస్తుందని తెలుసు. ఆ టైముకి ఖాళీగా మాత్రం కూర్చోకు. పక్కింటి టీచరమ్మ కుర్చీలు రెండూ అలాగే పడున్నాయి, వాటికి పాలిష్ వెయ్యి. చెయ్యి వణికితే వణకనీ. అడుగువైపు నుంచి మొదలుపెట్టు, అక్కడెవరూ చూడరు.

మొన్న నీ పనిముట్ల పెట్టె వెనక ఒక సీసా దొరికింది. రంగూ వాసనా చూసి, మళ్లీ మొదలుపెట్టావనుకుని సింకులో పారబోశాను. అది స్పిరిట్ కలిపిన పాలిష్ అని నిన్న మీ మేస్త్రి చెప్పేదాకా తెలియలేదు. "వడ్రంగి పెళ్లానివై ఉండి పాలిష్‌కీ మందుకీ తేడా తెలీదా అమ్మా" అని ఒకటే నవ్వు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

రెండు రోజులు నీతో మాట్లాడనిది అందుకే. నువ్వేమో ఎందుకని కూడా అడగలేదు. తాగిన రోజుల్లో చేసిందేదో గుర్తొచ్చి అలిగాననుకున్నావేమో, తలొంచుకుని తిరిగావు. పన్నెండు రోజులుగా చుక్క ముట్టని మనిషిని అనుమానించాను. ఈసారి తప్పు నాది. అయినా నోరు తెరిచి అడగొచ్చుగా!

కొత్త పాలిష్ సీసా కొని అదే చోట పెట్టాను.

అన్నట్టు, ఇదివరకు నువ్వు తెచ్చే ప్రతి సీసా మీదా నీ పెన్సిల్‌తోనే గీత పెట్టేదాన్ని, ఎంత తగ్గిందో చూడ్డానికి. దీని మీద పెట్టలేదు.