బీఏలోనే చేరాను చిన్నాన్నా

సూర్యాపేట,
ఆదివారం

చిన్నాన్నకు,

నేను బీఏలో చేరాను. నాన్నను తిట్టకండి, ఆయనకు చేరిన తర్వాతే చెప్పాను.

మొన్న మా ఇంట్లో కూర్చొని మీరన్న మాటలకు నాకింకా ఒళ్లు మండుతోంది. "అన్నా, ఆడపిల్లకు రాజకీయాల సదువెందుకే? సైకాలజీ అంటే పిచ్చోళ్ల సదువు. మిర్యాలగూడల బీకామ్ సీటు మాట్లాడిన, గాడ సేర్పియ్యి" అన్నారు. పక్కనే ఉన్న నన్ను ఒక్క మాట అడగలేదు.

ఆ చదువు ఎందుకో నేనే చెబుతాను. మీ ఊరి సర్పంచ్ చిన్నమ్మ, పెత్తనం మీది. ఎండాకాలంలో నేను మీ దగ్గరున్నప్పుడు, నల్లా నీళ్లు రావట్లేదని గ్రామసభలో ఒక ముసలామె చిన్నమ్మను అడిగింది. "దానికేం తెలుసు, నన్నడుగు" అన్నారు మీరు. అందరూ నవ్వారు. చిన్నమ్మ కూడా నవ్వింది. ఆమె ఎందుకు నవ్వాల్సి వచ్చిందో తెలుసుకోవడానికే నాకు సైకాలజీ కావాలి.

నిన్న కాలేజీకి నాతో వచ్చింది చిన్నమ్మే. కోదాడలో చుట్టాలింటికని మీకు చెప్పి, ఇక్కడికి వచ్చింది. రాజకీయాలు, సైకాలజీ రెండింటిలో ఏది ప్రధానంగా తీసుకుంటావని అక్కడి మేడమ్ అడిగితే నేను తడబడ్డాను.

"రాజకీయాలే తీసుకో బిడ్డా. సైకాలజీ దాంతోపాటు సదువు" అంది చిన్నమ్మ.

"మీరెవరమ్మా?" అని అడిగింది మేడమ్.

"సర్పంచ్‌ను."

ఆమె నోట ఆ మాట వినడం నాకదే మొదటిసారి. కోదాడ అబద్ధం మీకు తెలియనివ్వనని బస్టాండులో మాటిచ్చాను. ఆమె ఒప్పుకోలేదు.

"రాయి. నేనే సేర్పిచ్చిన్నని రాయి" అంది.

రాశాను.

మీ అన్న బిడ్డ