నాలుగు మంగళగిరి చీరలు, ఒక ప్యాంటు

ఏప్రిల్ 14

లీవ్ శాంక్షన్ అయింది. పన్నెండు రోజులు! ఇరవై ఎనిమిదేళ్ల నర్సు ఉద్యోగంలో ఇంతకంటే ఎక్కువ లీవ్ ఒక్కసారే పెట్టాను. దీవెన పుట్టినప్పుడు.

రోము వెళ్తున్నాం, నేనూ దీవెనా. మా ఆయన లోకో పైలట్. సమ్మర్ స్పెషల్స్ ఉన్నాయని ఆయనకి లీవ్ ఇవ్వలేదు. నా పేరున ఒక కొవ్వొత్తి వెలిగించండి చాలు అన్నారు.

డ్యూటీ దిగి తిన్నగా మంగళగిరి బస్సెక్కాను. నిజాం బోర్డర్ కాటన్ చీరలు నాలుగు తీసుకున్నాను. మిరపపండు ఎరుపు, చిలకపచ్చ, పసుపు, ముదురు నీలం. ఇంట్లో ఫంక్షనా అండీ అని అడిగాడు షాపాయన. కాదండీ, సెలవులు అన్నాను. సెలవులకి నాలుగు చీరలా అని నవ్వాడు. ఆయనకేం తెలుసు. పొద్దున లేస్తే తెల్లబట్టలే నాకు. రంగు చీర కట్టాలంటే ఎవరిదో పెళ్లి కావాలి, అదీ ఆ రోజు డ్యూటీ పడకూడదు.

ఏప్రిల్ 15

చీరలు చూసి దీవెన ముఖం ముడుచుకుంది. అక్కడ ఇవి కడితే ఫర్లాంగు దూరం నుంచే టూరిస్టని తెలిసిపోతుందట. దొంగలు వెంటపడతారట. ఏదో వెబ్‌సైట్ తీసి చూపించింది. వెళ్లిన చోట లోకల్స్‌లో కలిసిపోవాలట. గొలుసు వద్దు, గాజులు వద్దు, జిప్పులేని బ్యాగు వద్దు, గట్టిగా మాట్లాడొద్దు.

దానికి ఇరవై నాలుగు. గన్నవరంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ట్రిప్ అంతా దాని ప్లానే. వీసా, టికెట్లు, ఉండే ఫ్లాటు, అన్నీ. అందుకని నోరెత్తలేకపోయాను. నోరెత్తలేకపోవడమే నా జబ్బు.

ఏప్రిల్ 28

బెంజి సర్కిల్ దగ్గర మాల్‌కి తీసుకెళ్లింది. లేత గోధుమరంగు ప్యాంట్లు రెండు, తెల్ల చొక్కాలు మూడు, తెల్ల బూట్లు. ట్రయల్ రూమ్ అద్దంలో చూసుకున్నాను. డ్యూటీకి వెళ్తున్నట్టే ఉన్నాను. ఆ మాటే అన్నాను. క్లాసీగా ఉన్నావు మమ్మీ అంది. బీపీ మిషన్ ఒక్కటే తక్కువ అన్నాను.

ఆటోలో గుణదలలో మా ఇంటి దాకా పోట్లాట. ఆటో అతను రేడియో సౌండ్ తగ్గించి మరీ విన్నాడు. చివరికి చీరలు కూడా పెట్టెలో పెట్టుకోవచ్చంది. కట్టడం సంగతి అక్కడ చూద్దామట. నా సెలవులకి నేను పర్మిషన్ అడుక్కుంటున్నాను.

మే 3

ప్యాంటుకి జేబులున్నాయి. అదొక్కటే బావుంది.

మే 9

రోము. విమానంలో కూర్చుని కూర్చుని కాళ్లు వాచి దిమ్మెలయ్యాయి. ఫ్లాటు నాలుగో అంతస్తులో. ఫిల్టర్ కాఫీ పొడి తెచ్చుకున్నాను కాబట్టి బతికాను.

మే 10

పొద్దున్నే ప్యాంటు, చొక్కా. దీవెన నన్ను చుట్టూ తిరిగి చూసి, పర్‌ఫెక్ట్ అంది.

బస్సులో ఒకావిడ పక్కన కూర్చుని నాతో ఏదో భాషలో గడగడా మాట్లాడింది. ఇంగ్లీషులో, నేను ఇండియా అన్నాను. సారీ, మా శ్రీలంక మనిషి అనుకున్నాను అంది. ఎక్కడ పని చేస్తున్నారు, ఎన్ని ఇళ్లు అని అడిగింది. టూరిస్టునన్నాను. నా బట్టల వైపు చూసింది. నమ్మలేదనుకుంటా.

దీవెనకి చెప్పలేదు.

మే 11

ఈ బిల్డింగ్ లిఫ్టులో ఇద్దరెక్కితే మూడోవాళ్ల ఊపిరికి కూడా చోటుండదు. దీవెన తల ఆరబెట్టుకుంటోంది కదా అని చెత్త సంచి తీసుకుని నేనొక్కదాన్నే మెట్ల మీద దిగాను. రెండో అంతస్తులో ఒక ముసలావిడ తలుపు తీసుకుని నిలబడి ఉంది. చేతికర్ర, గళ్ల గౌను. నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఫినల్మెంతె!" అంది, ఇప్పటికి వచ్చావా అన్నట్టు. నా మణికట్టు పట్టుకుని లోపలికి లాక్కుపోయింది.

వంటింట్లో అంట్లు చూపించింది. చీపురు చూపించింది. సునీతా, సునీతా అంటుంది. సునీతా నో, టూరిస్ట్, టూరిస్ట్ అని నేను. వింటేనా! గడియారం వేలితో కొట్టి చూపించి కేకలేసింది. ఆలస్యంగా వచ్చానని కాబోలు. తర్వాత కుర్చీలో కూలబడి కుడికాలు స్టూలు మీద పెట్టింది. కట్టు. ఎన్నాళ్ల కట్టో, అంచులు పసుపుపచ్చగా తడిసి ఉన్నాయి.

ఆ వాసన నాకు తెలుసు.

అంతలో దీవెన ఫోన్ చేసింది. అదే సందని వచ్చేశాను.

విని దీవెన పడీపడీ నవ్వింది. కాసేపటికి నవ్వు ఆగిపోయింది. ఫోన్‌లో ఏదో చదివింది. ఇక్కడ ముసలివాళ్లని చూసుకునేవాళ్లలో మన రంగు ఆడవాళ్లు చాలామందేనట. లోకల్స్‌లో కలిసిపోవాలన్నావుగా, కలిసిపోయాను చూడు అన్నాను. అది బాత్‌రూమ్‌లోకి వెళ్లి తలుపేసుకుంది.

మే 12

ఆదివారం. సెయింట్ పీటర్స్‌లో పూజ. మిరపపండు చీర తీశాను. గంజి మడత నలగలేదు. గొలుసు, గాజులు, అన్నీ వేసుకున్నాను. దీవెన దారిపొడుగునా పది అడుగులు ముందు నడిచింది. నేను ఆగితే అదీ ఆగుతుంది, వెనక్కి మాత్రం చూడదు. కన్నకూతురు నాతో రానట్టు నడుస్తుంటే ఎంత పెద్ద గుడి అయితే ఏం. ఆయన పేరున కొవ్వొత్తి వెలిగించాను. ప్రార్థన కుదరలేదు.

ఇంటికొచ్చాక అడిగేశాను, నేను నీకు సిగ్గుచేటా అని. అది ఏడ్చింది. పోయినేడాది ఆఫీసు ట్రెయినింగ్‌కి మ్యూనిక్ వెళ్లినప్పుడు తనూ, ఫ్రెండ్ శాలినీ చుడీదార్లలో ట్రామెక్కారట. ఇద్దరు కుర్రాళ్లు ముక్కులు మూసుకుని ఏదో అన్నారట. దిగేటప్పుడు దీవెన చున్నీ పట్టి లాగారట. ట్రామంతా చూస్తూ కూర్చుందట. ఏడాది నుంచి ఇంట్లో ఈ ముక్క చెప్పలేదు. నీకలా జరిగితే నేను తట్టుకోలేను మమ్మీ అంది.

తల నిమిరాను. కోపం పోలేదు. ఎవరిమీద పెట్టుకోవాలో మాత్రం తెలియలేదు.

మే 13, ఉదయం 6.40

నిద్ర లేచీ లేవగానే ఆ కట్టే గుర్తొచ్చింది. రోము వచ్చి కూడా డ్రెస్సింగ్ గురించి ఆలోచిస్తున్నానని నామీద నాకే విసుగు. వార్డులో నేను లేకపోతే ఇంకో సిస్టర్ చూస్తుంది. ఇక్కడ ఎవరు చూస్తారు? నాకేం పని? అయినా నిలవలేకపోతున్నాను.

ఉదయం 8

చిలకపచ్చ చీర కట్టుకుని వెళ్లి బెల్లు కొట్టాను. తలుపు బెత్తెడు తెరిచింది, గొలుసు తియ్యకుండా. చీర చూసి నో నో అంటూ మొహం మీదే తలుపేసింది. అమ్ముకోవడానికి వచ్చాననుకుందో, అడుక్కోవడానికో.

పైకొచ్చి ఆ పాడు ప్యాంటు వేసుకున్నాను. మళ్లీ వెళ్లాను. సునీతా అంటూ గొలుసు తీసింది.

ఇంత కోపం నాకు ఆపరేషన్ థియేటర్లో కూడా ఎప్పుడూ రాలేదు.

మధ్యాహ్నం 2

కోపంగా ఉన్నా చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి. దీవెనని మందుల షాపుకి పంపించి సెలైన్, గాజ్ గుడ్డ, గ్లవ్స్ తెప్పించాను. కట్టు విప్పేసరికి అది గుమ్మం బయటికి పరిగెత్తింది. అరికాలి పక్కన రూపాయి బిళ్లంత గుంట, చీము. చిటికెన వేలు నల్లబడింది. షుగర్ కాలు. ఆవిడకి నొప్పి తెలియడం లేదు. అదీ భయం.

కడిగి కట్టు కట్టాను. అంట్లు మాత్రం తోమలేదు. తోమను.

ఫ్రిజ్ మీద కొడుకు నంబరుంది. ఫాబియో, మిలాన్‌లో ఉంటాడు. దీవెన ఇంగ్లీషులో మాట్లాడింది. పాత ఆవిడ శ్రీలంక వెళ్లిపోయిందట, ఆవిడ బదులు సునీత అనే కొత్తావిడ శుక్రవారం నుంచి రావాలట, వచ్చిందనే అనుకుంటున్నాడట. వారానికి రెండుసార్లు నర్సు కూడా వస్తుందనే అనుకుంటున్నాడట. అందరూ అనుకుంటూనే ఉన్నారు, కాలు కుళ్లుతోంది. వచ్చే ఆదివారం వచ్చి చూస్తానన్నాడు.

ఫోన్ లాక్కున్నాను. నా ఇంగ్లీషు వార్డు ఇంగ్లీషు. "టుడే హాస్పిటల్. సండే నో లెగ్" అన్నాను. మీది ఏ ఏజెన్సీ మేడమ్ అని మర్యాదగా అడిగాడు. దీవెన నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. ఎర్రబడిపోయింది. ఏ ఏజెన్సీ కాదు, పై అంతస్తులో దిగిన గెస్టులం, మా మమ్మీ ఇండియాలో హెడ్ నర్సు, ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు అని చెప్పింది. ఆఫీసు పిల్ల గొంతు కాదది. ట్రామ్‌లో రాని గొంతు ఇక్కడ వచ్చింది. ఫాబియో అంబులెన్సుకి తనే చేస్తానన్నాడు.

మే 14

హాస్పిటల్. నిన్న సాయంత్రం నుంచీ, ఇవాళంతా. ముసలావిడ పేరు ఎల్వీరా. నా చెయ్యి వదల్లేదు. ఫాబియో పొద్దున రైల్లో వచ్చాడు. యాభై దాటినవాడు, నా ముందు నిలబడి స్కూలు పిల్లాడిలా తల దించుకున్నాడు. చిటికెన వేలు తీసేయాలట. పాదం ఉంటుందట.

ఇవాళ మ్యూజియానికి స్లాట్ బుక్ చేసుకున్నాం. పోయింది. మళ్లీ ఈ వారంలో ఖాళీ లేదట. కళ్లనీళ్లొచ్చాయి. ఎల్వీరా కోసం అనుకుని దీవెన నా భుజం తట్టింది. కాదు, మ్యూజియం కోసమే.

మే 16

పసుపు చీరలో హాస్పిటల్‌కి వెళ్లాను. దీవెన పక్కనే నడిచింది. రోడ్డు దాటేచోట అలవాటుకొద్దీ ముందుకెళ్లి, మళ్లీ వెనక్కొచ్చింది.

ఎల్వీరాకి వేలు తీసేశారు. జ్వరం తగ్గింది. నేనెవరో కొడుకు చెప్పినట్టున్నాడు. నన్ను చూడగానే దుప్పటి ముఖం మీదికి లాక్కుంది. దీవెన ఫోన్‌లో తర్జుమా పెట్టింది. ఇంటికొచ్చిన అతిథి చేత అంట్లు తోమించాను అని ఆవిడ బాధట. నేను తోమలేదు, అలాగే ఉన్నాయి అని చెప్పించాను. దుప్పటి తీసి నవ్వింది. పళ్లు లేవు. నా కొంగు అందుకుని, మంగళగిరిలో బేరమాడేవాళ్లలాగే బొటనవేలితో నలిపి చూసింది. ఎన్ని మీటర్లని అడిగింది. ఐదున్నర అంటే నమ్మలేదు. అక్కడే, మంచం పక్కన, కుచ్చిళ్లు లెక్కపెట్టి చూపించాను.

తలుపు మొహం మీద వేసిన సంగతి ఆవిడకి గుర్తు లేదు. నాకుంది.

మే 18

ఫ్లైట్ నాలుగు గంటలు లేటు. నీలం చీర మడత విప్పనే లేదు.

జూన్ 9

ఫాబియో ఫోటో పంపించాడు. ఎల్వీరా పాదం, నాలుగు వేళ్లతో. గాయం అంచులు శుభ్రంగా, అడుగున ఎర్రగా, గింజలు గింజలుగా కొత్త మాంసం. అన్నం తింటూ పెద్దది చేసి చూశాను. ఎంత అందంగా ఉందో అని మా ఆయనకి చూపించాను. కంచం తీసుకుని హాల్లోకి వెళ్లిపోయారు.