ఇద్దరి పేర్లు, ఒకడి మాట

అక్టోబర్ 14, మంగళవారం. మోరిస్‌విల్, అమెరికా.

ఈ కోపం చల్లారకముందే రాయాలి. చల్లారితే రేపు మళ్లీ "పర్లేదులే" అని ఊరుకుంటాను.

యూనివర్సిటీలో నా జూనియర్ రోహన్, నేను కలిసి రాసిన పేపర్‌ను వాడు నిన్న సెమినార్‌కి పంపేశాడు. ఇద్దరి పేర్లూ ఉన్నాయి, నా భాగం లేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పశ్చిమ యూరప్ దేశాలు కలిసి ఒకే సైన్యం పెట్టుకుందామన్నది ఫ్రాన్సే. చివరికి కాదన్నదీ ఫ్రాన్స్ పార్లమెంటే. ఎందుకో నేను రాశాను. సొంత సైన్యం మీద అధికారం వదులుకోవాలి, నిన్నటి శత్రువు జర్మనీ చేతికి మళ్లీ తుపాకులివ్వాలి, పైగా ఒప్పుకోకపోతే మా సాయం సంగతి మళ్లీ ఆలోచిస్తామని అమెరికా బెదిరింపు. వాడు అదంతా తీసేసి, అమెరికా కాపాడుతుంటే యూరప్‌కి విశ్వాసం లేకపోయిందని ఒక్క వాక్యం పెట్టాడు.

ఫోన్ చేశాను.

"అక్కా, చిల్. లాంగ్ అయింది, కట్ చేశాను."

"నన్ను అడగొచ్చు కదా?"

"అడిగితే నువ్వు నో చెప్తావ్ కదా."

నా దాని మీద నా మాటే చెల్లదన్నమాట. ఫ్రాన్స్ ఎందుకు కాదందో ఇంతకంటే బాగా నేనూ రాయలేదు.

వాడంటే ప్రొఫెసర్‌కి ఇష్టం. ఆయన రికమెండేషన్ లేకపోతే నా పీహెచ్‌డీ...

అమ్మ ఇప్పటికీ వేలిముద్రే వేస్తుంది. అయినా ఎవరిచేతనైనా చదివించుకోకుండా వేయదు. నేనేమో చదవని వాక్యం కింద పేరిచ్చి కూర్చున్నాను.

పొద్దున్నే పంపాల్సిన మెయిల్: "రోహన్, నా భాగం తిరిగి పెట్టు, లేదా నా పేరు తీసెయ్. శుక్రవారం, పదిహేడో తేదీ సాయంత్రంలోపు జవాబివ్వు."