వెనక్కి తిరిగిన దీపం

ఆగస్టు 2006, తమిళుల ఆడి నెల పద్దెనిమిదో రోజు

ఆ దీపం ఇంకా కళ్ల ముందే తేలుతోంది.

సాయంత్రం అత్తతో కలిసి అరియాంకుప్పం ఏటికి వెళ్లాను. ఈ రోజు ఆడవాళ్లందరూ ఏటికి పూజ చేసి దీపం వదులుతారు కదా. అరటి దొప్పలో పెట్టిన మా దీపం సముద్రం వైపు కాకుండా పడమరగా, సెంజి కొండల దిక్కుకు సాగింది. నాకు సంబరం. "చూడత్తా, ఈ ఏరు లోపలికి పారి పెద్ద ఏట్లో కలుస్తుంది. బడిలో పిల్లలకు పటం మీద నేను గీసి చూపేది కూడా ఇట్లే," అన్నాను.

అత్తకు చదువు రాదు. పుట్టింది మాత్రం ఆ గట్టు మీదే.

"కలిసేదేందిమా? కొండ నుంచి దిగే పెద్ద ఏరు, దోవలో చిన్న ఏర్లను కలుపుకొని వచ్చి, విల్లియనూరు దాటినాక రెండుగా చీలుతుంది. అందులో ఒకటి ఇది. ఇప్పుడు లోపలికి పోయేది పోటెక్కిన కడలి నీళ్లు. రవ్వంత సేపు ఉండు," అనింది.

గట్టు మీద కూర్చున్నాం. దీపం నెమ్మదించింది. ఏదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు నీళ్ల నడుమ కాసేపు కదలకుండా నిలిచింది. తర్వాత మెల్లగా, మా ముందు నుంచే, సముద్రం వైపు వెళ్లిపోయింది.

పటంలో గీతను చూస్తే అది వచ్చి కలిసిందో, విడిపోయి వెళ్లిందో తెలియదు. బస్సులో వంతెన దాటుతూ చూసిన పోటు నీళ్లనే ఏటి నడక అనుకున్నాను.

ఇంటికొచ్చి నా పాఠాల పుస్తకంలోని పటంలో ఏటి మీది బాణం గుర్తు చెరిపి, తిప్పి గీశాను. రేపు తరగతిలో తప్పు ఒప్పుకోవడం కష్టం కాదు. కానీ ఆరేళ్లుగా నా దగ్గర చదివి వెళ్లిన పిల్లల తలల్లో ఆ ఏరు ఇంకా కొండ ఎక్కుతూనే ఉంటుంది…