పోస్టుమాస్టరుగారి మీసం

చిట్టితల్లికి నాన్న దీవెనలు.

ఇక్కడ మీ అమ్మ, నేను, సెలూన్లో కిర్రుమనే ఫ్యాను క్షేమం. గుండెకు చిల్లున్నా గొంతుకు ఏ లోటూ లేని మన బుజ్జిగాడు, నువ్వు, అల్లుడుగారు అక్కడ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఆపరేషన్‌కి తక్కువైన డబ్బు ఎలా కూడింది, ఎవరి కాళ్లయినా పట్టుకున్నావా అని అడిగావు. కాళ్లు పట్టుకోలేదు తల్లీ, తలలే పట్టుకున్నాను. ఆదివారం పొద్దున్నే సెలూను తలుపు మీద, 'ఈ రోజు కటింగుకు ధర లేదు. మా మనవడి ఆపరేషన్‌కి మీకు తోచింది డబ్బాలో వేయండి' అని రాసి అంటించాను. ఎనిమిదయ్యేసరికి వరస వీధి మలుపు దాటింది. మొన్ననే గుండు చేయించుకున్నవాడు కూడా వచ్చి దర్జాగా కూర్చున్నాడు! మన వీధివాళ్లను చూసి ఎంత గర్వపడ్డానో చెప్పలేను. నిన్ననే ఆ డబ్బు ఆసుపత్రికి కట్టించాను. గురువారం ఆపరేషన్ గురించి నువ్విక దిగులు పడకు.

మాత్రలు వేసుకుంటున్నావా అని కూడా అడిగావు. వేసుకుంటున్నాను. కానీ ఫోనులో నీకు చెప్పని మాట ఒకటుంది. బుజ్జిగాడి జబ్బు సంగతి తెలిసిన రోజు నుంచి నా చేతులు వణుకుతున్నాయి. ముప్పై ఏళ్లలో ఎవరికీ చిన్న గాటైనా పెట్టనివాణ్ణి, మొన్న ఆదివారం పోస్టుమాస్టరుగారు ఇరవై ఏళ్లుగా పెంచుకున్న మీసం సగం ఎగరగొట్టేశాను. నాకు భూమిలోకి కుంగిపోయినట్టయింది.

అంతలో ఎదురు సెలూను బట్టతలాయన లోపలికొచ్చాడు. మన బోర్డు తనదానికన్నా పెద్దదని గొడవైన దగ్గర్నుంచి ఏడేళ్లుగా మన గుమ్మం తొక్కని మనిషి.

"తప్పుకోవయ్యా. దువ్వెన నువ్వు పట్టు, కత్తి నేను పడతా" అన్నాడు.

"ఆ మిగతా సగం కూడా తీసెయ్ బాబూ. పిల్లాడు బాగుపడి ఇంటికొచ్చేలోపు అదే మొలుస్తుంది" అన్నారు పోస్టుమాస్టరుగారు.

తన సెలూను మూసేసి, సాయంత్రం దాకా నిలబడే పనిచేశాడు బట్టతలాయన. ఇంత బాగా కత్తి పట్టేవాడితోనా నేను ఏడేళ్లు మాట్లాడనిది అని సిగ్గేసింది. కూలి ఇవ్వబోతే కసురుకున్నాడు.

"డబ్బులెవడిక్కావాలి? పిల్లాడి మొదటి కటింగు మాత్రం నాది."

వాడు పుట్టిన రోజే ఆ పని కోసం చిన్న కత్తెర కొని దాచుకున్నాను, నీకు తెలుసు కదా. అది తీసి ఆయన చేతిలో పెట్టేశాను. కోప్పడకు తల్లీ. దువ్వెన మాత్రం నేనే పడతాను.

ఇట్లు,
చేతులు కాస్త కుదుటపడిన
మీ నాన్న